‘నాకు తెలీదు’ అనే జవాబు

తెలుగు పేపర్ చదివే ఎవరికైనా ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. ‘రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి.’ మన కాలేజీ సంగతి నేను మాట్లాడను, ఈ మ్యాగజైన్‌ని ఫ్యాకల్టీ కూడా చదువుతారు. కానీ ఈ వేసవి సెలవుల చివర్లో మా ఇంటి ముందు నిజం పుట్టగొడుగులు పుట్టుకొచ్చాయి. అప్పట్నుంచీ ఆ పోలిక విన్నప్పుడల్లా నాకు కాలేజీలు గుర్తు రావడం లేదు. మా పై పోర్షన్‌లో అద్దెకుండే అన్నయ్య, ఆయన చేతికి ఎక్కుతున్న సెలైన్ గుర్తొస్తున్నాయి.

ఇది తెలుగులో నేను రాస్తున్న మొదటి పెద్ద వ్యాసం. చదువంతా ఇంగ్లిష్ మీడియమే. తప్పులుంటే ఎడిటర్లు దిద్దారనుకోండి, దిద్దనివి నావనుకోండి. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఒకటే. మనం తయారుచేసే ప్రోగ్రాములకీ, మనకీ కూడా ‘నాకు తెలీదు’ అనడం రావాలి. అది రాకపోతే ఏమవుతుందో మా లాన్‌లో చూశాను.

మాది రాజమండ్రిలో చిన్న ఇల్లు. ముందు కాస్త ఖాళీ జాగా ఉంటే రెండేళ్ల కిందట అమ్మ ముచ్చటపడి లాన్ వేయించింది. ట్రాక్టర్ ఎర్రమట్టి, దాని మీద పశువుల ఎరువు, ఆపైన నర్సరీ నుంచి తెచ్చిన గడ్డి. జూన్ చివర్లో నాలుగు రోజులు ముసురు పట్టి వదిలాక, ఆదివారం పొద్దున్న లేచి చూస్తే గడ్డి మధ్యలో పదకొండు తెల్లటి గొడుగులు. చెల్లాచెదురుగా కాదు, ఎవరో కంపాస్‌తో గీసినట్టు సగం గుండ్రంగా. కొన్ని ఇంకా కోడిగుడ్డు సైజు ముద్దలే. కొన్ని విచ్చుకుని టిఫిన్ ప్లేటంత అయ్యాయి. తెల్లటి టోపీ మీద గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరం. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉన్నాయి.

మనం సీఎస్ఈ కదా. వెంటనే ఫోన్ తీశా. పుట్టగొడుగుల్ని గుర్తుపట్టే యాప్ ఒకటి దించుకుని, లేతగా ఉన్న ఒకదాన్ని పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి ఫోటోలు తీసి పెట్టా. మూడు సెకన్లలో జవాబు వచ్చింది. పారసోల్ మష్రూమ్. 93 శాతం. పక్కన ఆకుపచ్చ రంగులో ఫోర్కూ స్పూనూ బొమ్మ. అంటే తినొచ్చని.

ఆ స్క్రీన్ పట్టుకుని గర్వంగా అమ్మమ్మ దగ్గరికెళ్లా. అమ్మమ్మది రంపచోడవరం దారిలో ఒక ఊరు. చిన్నప్పుడు తొలకరి పడితే గంపలు పట్టుకుని పుట్టకొక్కులు ఏరుకొచ్చేవాళ్లమని ఇప్పటికి వందసార్లు చెప్పుంటుంది. కాబట్టి ఎగిరి గంతేస్తుందనుకున్నా. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, నా చేతిలోని గొడుగుని అటూ ఇటూ తిప్పి చూసి, కిందపెట్టి, ‘నాకు తెలీదు నాన్నా. పారేసి చేతులు కడుక్కో’ అంది.

‘అదేంటి, నువ్వు గంపలకొద్దీ తిన్నానన్నావు కదా?’

‘అవి పుట్టమీదవిరా. ఆ పుట్ట నాకు తెలుసు. ఇది మీ అమ్మ గడ్డిలోది. దీని సంగతి నాకేం తెలుసు?’

నాకు కొంచెం చిరాకేసింది. యాప్ 93 అంటోంది, ఈవిడ తెలీదంటోంది. పెద్దవాళ్లకి కొత్తదంటే భయం అనుకున్నా. అమ్మమ్మ వద్దన్నాక మా వంటింట్లోకి అది రాదు కాబట్టి ఊరుకున్నా. కానీ పై పోర్షన్ అన్నయ్య బండి తీస్తూ, ‘ఏంటి తమ్ముడూ, తినేవేనా?’ అని అడిగాడు. నేను ‘తినేవే అన్నయ్యా, చెక్ చేశా’ అన్నా. అడగకపోయినా స్క్రీన్‌షాట్ కూడా పంపించా. ఆయన నాలుగు కోసుకెళ్లి, కోడిగుడ్లతో కలిపి వేపుడు చేసుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్నాడు. మూడున్నరకి వాంతులు మొదలయ్యాయి. ఐదింటికి మనిషి నిలబడలేకపోతున్నాడు. నాన్న కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాత్రంతా సెలైన్లు, రక్తపరీక్షలు. రెండోరోజు సాయంత్రానికి తేరుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆసుపత్రిలో డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి. ఎన్నింటికి తిన్నారు? మొదటి వాంతి ఎన్నింటికి? వండనిది ఏమైనా మిగిలిందా? అప్పుడు అర్థం కాలేదు, తర్వాత చదువుకుంటే తెలిసింది. పుట్టగొడుగు విషాల్లో ఆ టైమే సగం కథ చెబుతుంది. తిన్న రెండు మూడు గంటల్లోనే కడుపులో గొడవ మొదలైతే చాలావరకు అది కడుపుకే పరిమితమయ్యే విషం. మనిషిని పిండేస్తుంది, కానీ వైద్యం అందితే మామూలుగా కోలుకుంటారు. అసలు భయపడాల్సింది ఆలస్యంగా మొదలయ్యేవాటికి. అమనిటా జాతిలో కొన్నింట్లో ఉండే అమాటాక్సిన్లు ఆరు గంటలో, పన్నెండు గంటలో, ఇంకా ఎక్కువ సేపో నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. ఇంటికి వెళ్లిపోదాం అనుకునే ఆ సమయంలోనే లోపల కాలేయం పాడైపోతూ ఉంటుంది. ఈ విషం ఉడికించినా పోదు, వేయించినా పోదు. పైగా రెండు రకాలు కలిపి తినుంటే, తొందరగా వాంతులు అయ్యాయి కదా అని ధైర్యపడటానికి కూడా లేదు. అందుకే ఎవరైనా తిని ఇబ్బంది పడితే ఇంట్లో మజ్జిగ, నిమ్మరసం ప్రయోగాలు చేయకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన పుట్టగొడుగునీ, ఫోటోల్నీ వెంట తీసుకెళ్లండి.

ఇంతకీ మా లాన్‌లోది ఏంటి? రెండు రోజులకి మళ్లీ నాలుగు మొలిచాయి. ఈసారి యాప్ తెరవలేదు. ఒక పెద్ద టోపీని కోసి, రేకులు కిందకి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేశా. దీన్ని స్పోర్ ప్రింట్ అంటారు. పొద్దున్న గిన్నె తీస్తే కాగితం మీద అచ్చం టోపీ ఆకారంలో, నాచులాంటి పాలిపోయిన ఆకుపచ్చ రంగు. అమ్మకి తెలిసిన రిటైర్డ్ బోటనీ మేడమ్ గారికి ఆ కాగితం, ముదిరిన టోపీ రెండూ చూపిస్తే చెప్పారు. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. వేడి ప్రాంతాల్లో, లాన్లలో, వర్షాల తర్వాత, గుండ్రంగా వలయాల్లో రావడం దీనికి మామూలే. ఉత్తర అమెరికాలో జనం ఎక్కువగా పొరపాటున తినే విషపు పుట్టగొడుగు ఇదేనట. కారణం సులువే. లేతగా ఉన్నప్పుడు దీని రేకులు తెల్లగా ఉంటాయి, తినే పారసోల్‌కీ దీనికీ తేడా తెలియదు. ముదిరాక, బీజాలు తయారయ్యాక ఆ ఆకుపచ్చ బయటపడుతుంది. నేను ఫోటో తీసింది లేతదాన్ని. అంటే తేడా చెప్పే గుర్తు ఆ ఫోటోలో అసలు లేదు. లేనిదాన్ని ఎంత గొప్ప మోడలైనా ఎక్కణ్నుంచి చూస్తుంది?

ఇక్కడ మన ల్యాబ్ గురించి మాట్లాడాలి. ఎంఎల్ ల్యాబ్ చేసినవాళ్లలో చాలామంది మష్రూమ్ డేటాసెట్ చూసే ఉంటారు. యూసీఐ వాళ్ల దగ్గర 1987 నుంచీ ఉంది. 8124 వరుసలు, 22 లక్షణాలు, చివర్లో తినొచ్చా, విషమా అన్న ఒక్క అక్షరం. ఏ డిసిషన్ ట్రీ వేసినా, ఏ రాండమ్ ఫారెస్ట్ వేసినా దాదాపు నూటికి నూరు వస్తుంది. నాకూ వచ్చింది. రికార్డులో రాసుకుని, సంతకం పెట్టించుకుని, క్యాంటీన్‌కి వెళ్లిపోయా. ఆ డేటాసెట్‌తో పాటు ఉండే వివరణ పేజీని అప్పుడు తెరిచిన పాపాన పోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక తెరిచా.

అందులో మూడు విషయాలున్నాయి. ఒకటి, ఆ 8124 వరుసలు ఎవరో అడవిలోకి వెళ్లి కోసుకొచ్చిన పుట్టగొడుగులు కావు. ఉత్తర అమెరికా పుట్టగొడుగుల మీద 1981లో వచ్చిన ఒక గైడ్ పుస్తకంలోని 23 జాతుల వర్ణనల నుంచి ఊహించి తయారుచేసిన నమూనాలు. మన నేలలో మొలిచేవాటికోసం తయారైంది కాదు. రెండు, తినదగినదో కాదో చెప్పే సులువైన సూత్రం ఏదీ లేదని ఆ గైడే స్పష్టంగా చెప్పిందని అక్కడ రాసుంది. మూడోది నన్ను కుర్చీలోంచి లేపింది. అసలు పుస్తకంలో ఉన్నవి రెండు వర్గాలు కాదు, మూడు. తప్పకుండా తినొచ్చు, తప్పకుండా విషం, తినొచ్చో లేదో తెలియదు కాబట్టి వద్దు. డేటాసెట్ తయారుచేసినవాళ్లు ఈ మూడోదాన్ని తీసుకెళ్లి విషం వర్గంలో కలిపేశారు.

అంటే 1987లో ఆ డేటాసెట్ చేసినవాళ్లు మా అమ్మమ్మలాగే ఆలోచించారన్నమాట. తెలీదా, అయితే పారెయ్. తేడా ఏంటంటే మా అమ్మమ్మ ‘తెలీదు’ అన్న మాటని పైకి అంది. డేటాసెట్‌లో ఆ మాట చెరిగిపోయింది. దానిమీద నేర్చుకున్న మనకి ప్రపంచంలో ‘తెలీదు’ అనే వర్గం ఒకటుందనే ఆలోచనే రాలేదు.

అదే డేటాతో ఇంకో లెక్క చేసి చూశా. ఒక్క వాసన మాత్రం చూసి తేలుద్దాం అనుకోండి. బాదం వాసనో, సోంపు వాసనో వస్తే, లేదా ఏ వాసనా లేకపోతే తినొచ్చు, మిగతావన్నీ విషం. ఈ ఒక్క గీతతో 98.5 శాతం కరెక్ట్ వస్తుంది. వైవాలో ఈ అంకె చెబితే ఎక్స్‌టర్నల్ గారు తల ఊపుతారు. మిగిలిన ఒకటిన్నర శాతం అంటే 120 వరుసలు. ఆ 120 కూడా విషాన్ని తినొచ్చు అని చెప్పినవే, అటునుంచి ఇటు తప్పు ఒక్కటీ లేదు. వాటిలో 72 వరుసల్లో స్పోర్ ప్రింట్ రంగు అన్నచోట ఏముందో తెలుసా? ఆకుపచ్చ. మా ఇంట్లో గిన్నె కింద కాగితం మీద కనిపించిన రంగే. నేను వందసార్లు స్క్రోల్ చేసిన ఫైల్లోనే ఆ హెచ్చరిక ఉంది. యాక్యురసీ అంకె వెనకాల దాక్కుంది.

తప్పులన్నీ ఒకటి కాదు. మంచి పుట్టగొడుగుని విషం అని పారేస్తే పోయేది ఒక పూట కూర. విషాన్ని మంచిదంటే పోయేది మనిషి. యాక్యురసీ ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఒకే బరువుతో తూస్తుంది. కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అని మనం పరీక్షకి నాలుగు గళ్లు గీస్తాం కదా, ఒక గడిలో ఉన్న ‘1’ పై పోర్షన్ అన్నయ్య కావచ్చని నాకు మొన్నటిదాకా తట్టలేదు.

ఇప్పుడు ఆ 93 సంగతి. మెకానికల్, సివిల్ ఫ్రెండ్స్ కోసం కొంచెం విడమరుస్తా. ఇలాంటి మోడల్స్ చివర్లో సాధారణంగా సాఫ్ట్‌మ్యాక్స్ అనే మెట్టు ఉంటుంది. మీ ముందు వంద గిన్నెలున్నాయి, ఒక్కో గిన్నె మీద ఒక్కో పుట్టగొడుగు పేరుంది. మీ చేతిలో కిలో బియ్యం ఉన్నాయి. ఆ బియ్యం మొత్తం ఆ గిన్నెల్లోనే పంచేయాలి, ఒక్క గింజ కూడా కింద పెట్టకూడదు. సాఫ్ట్‌మ్యాక్స్ చేసేది ఇదే. ఏ గిన్నెలో ఎక్కువ పడితే అదే జవాబు. ముందున్నది ఆ వందలో లేనిదైనా సరే, బియ్యం ఎక్కడో ఒకచోట పోయాల్సిందే. 93 అంటే ‘నాకు 93 శాతం నమ్మకం’ అని కాదు, ‘నాకున్న గిన్నెల్లో దీనికి 93 పాళ్లు పోశాను’ అని మాత్రమే. కోపం కొద్దీ మా ఇంట్లో ఇడ్లీ ఫోటో తీసి అదే యాప్‌కి పెట్టా. 61 శాతం పఫ్‌బాల్ అంది. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2023లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, నిపుణులు ముందే గుర్తించిన 78 పుట్టగొడుగుల ఫోటోలని మూడు యాప్‌లకి చూపించి ఫలితాలు క్లినికల్ టాక్సికాలజీ అనే జర్నల్లో ప్రచురించారు. అన్నిటికన్నా బాగా చెప్పిన యాప్‌కి వచ్చింది 49 శాతం. మిగతా రెంటికీ 35. మన మిడ్ ఎగ్జామ్ మార్కుల్లా ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో ఇంకో సంగతి బయటపడింది. పుట్టగొడుగులు ఏరుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాలు, ఏఐ రాసినట్టు కనిపించేవి, అమెజాన్‌లో అమ్మకానికి పెట్టారని 404 మీడియా రాసింది. వాటిని నమ్మొద్దని న్యూయార్క్ మైకలాజికల్ సొసైటీ వాళ్లు హెచ్చరించారు. అడవికి ఎప్పుడూ వెళ్లనిది అడవి గురించి పుస్తకం రాస్తే అలాగే ఉంటుంది.

ఇక్కడిదాకా చదివి, ‘ఓహో, టెక్నాలజీ చెడ్డది, అమ్మమ్మ మంచిది, అంతేగా’ అనుకోకండి. అలా ముగిస్తే ఈ వ్యాసం ఫార్వర్డ్ మెసేజ్ అయిపోతుంది. పెద్దవాళ్లు చెప్పేవన్నీ నిజం కావు. ఆసుపత్రిలో మమ్మల్ని చూడ్డానికొచ్చిన చుట్టాలే తలా ఒక పరీక్ష చెప్పారు. వెండి చెంచా వేస్తే విషమైతే నల్లబడుతుందట. వెల్లుల్లి వేస్తే రంగు మారుతుందట. చీమలు, పురుగులు తింటే మనమూ తినొచ్చట. బాగా ఉడికిస్తే ఏదైనా పోతుందట. నాలుగూ తప్పే. విషం ఉన్నా వెండి మెరుస్తూనే ఉంటుంది. పురుగు కాలేయం మన కాలేయం కాదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది టీ తోటల్లో పనిచేసే కుటుంబాలవాళ్లు. యాప్ చూసి తిన్న సిటీవాళ్లు కాదు. అనుభవం కూడా పొరబడుతుంది.

మరి మా అమ్మమ్మ దగ్గరున్నది ఏంటి? ఆవిడకి తెలిసింది చాలా తక్కువ. కానీ ఆ తక్కువకి హద్దు ఎక్కడో ఆవిడకి తెలుసు. పుట్టకొక్కుల గురించి అడిగితే గంటసేపు చెప్పింది. వాళ్ల ఊరి చెరువుగట్టు అవతల ఫలానా పుట్ట. తొలకరి పడి, ఉరుములు ఉరిమి, ఎండ కాసిన ఫలానా రోజులు. గొడుగు నడినెత్తిన మొనతేలిన బుడిపె. కాడ పట్టుకుని లాగితే రాదు, తవ్వితే వేరులాగా కిందకి, ఇంకా కిందకి, చెదల ఇంటిదాకా పోతుంది. వాళ్లమ్మ చూపించిన పుట్ట, ఏటా అదే చోటు, ఏటా అదే కొక్కు.

తర్వాత వెతికితే ఆవిడ చెప్పిన ప్రతిదానికీ వెనక సైన్స్ దొరికింది. పుట్టకొక్కుల శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్, పేరులోనే చెద ఉంది. కొన్ని జాతుల చెదపురుగులు పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని నిజంగానే సాగు చేస్తాయి. ఆకులూ పుల్లలూ నమిలి తెచ్చి మడులు కట్టి, దాన్ని పెంచి, అదే తింటాయి. దాదాపు 3 కోట్ల ఏళ్లుగా నడుస్తున్న వ్యవసాయం అది. మనుషులకి మాత్రం ఇంకా చేతకాలేదు. బటన్, ఆయిస్టర్ పుట్టగొడుగుల్లా వీటిని షెడ్డుల్లో పండించి అమ్మలేకపోతున్నారు. అందుకే తొలకరికి మన్యం సంతల్లో గంపల్లో తప్ప సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్లుగా కనపడవు. ఇది చదివి ఎవరూ పుట్టలవెంట పడొద్దు, దయచేసి. పొడుగు వేరుండే పుట్టగొడుగులు ఇంకా ఉన్నాయి. అమ్మమ్మ నాకు నేర్పింది గుర్తుల జాబితా కాదు. ‘ఆ పుట్ట నాకు తెలుసు’ అన్న మాటలో పుట్ట ఎంత ముఖ్యమో నేర్పింది. ఆవిడ ట్రైనింగ్ డేటా మొత్తం ఒక ఊరు. ఊరు దాటగానే ఆవిడ మోడల్ ఆగిపోయి, ఆగిపోయానని చెప్పింది. నా యాప్ ఆగలేదు.

దీనికి మన క్లాసులో వచ్చే జవాబు నాకు తెలుసు. రూమ్మేట్ ఆ మాటే అన్నాడు. ‘ఇంకా డేటా వేస్తే సరిపోతుంది బ్రో. మన దగ్గరి పుట్టగొడుగుల ఫోటోలు ఒక లక్ష ఎక్కిద్దాం.’ ఎక్కిద్దాం, మంచిదే. నేనూ సాయం చేస్తా. కానీ ఫోటోలో వాసన ఉండదు. బీజాల రంగు ఉండదు. నేల కింద ఏముందో ఉండదు. పక్కన చెదపుట్టుందో, పోయినేడు కొట్టేసిన వేపచెట్టు మొద్దుందో ఉండదు. ఇవన్నీ లేని చోట లక్ష ఫోటోలు కాదు, కోటి వేసినా చేయగలిగిన నిజాయితీ పని ఒకటే. ‘ఈ ఫోటోతో చెప్పలేను, స్పోర్ ప్రింట్ తీయండి, తెలిసినవాళ్లకి చూపించండి, తినొద్దు’ అనడం. అదేమీ రాకెట్ సైన్స్ కాదు. జవాబు ఇవ్వకుండా తప్పుకునే మోడల్స్ మీద పరిశోధన ఎప్పట్నుంచో ఉంది. తెలియని రకాన్ని పసిగట్టే పద్ధతులున్నాయి. పెట్టకపోవడానికి కారణం మనకి చేతకాక కాదు. ‘తెలీదు’ అనే యాప్‌ని ఎవరూ దించుకోరు. ఐదు నక్షత్రాలు ఇవ్వరు.

‘యాప్ కింద చిన్నక్షరాల్లో తినడానికి ఆధారపడొద్దని రాసుంటుంది కదా’ అని ఇంకొకరు అన్నారు. ఉంది. నేను తర్వాత చూశా. పైన పెద్దగా ఫోర్కూ స్పూనూ బొమ్మ వేసి, కింద చిన్నగా తినొద్దని రాయడాన్ని హెచ్చరిక అనరు. కేసు పడకుండా చూసుకోవడం అంటారు.

నా తప్పుని యాప్ మీద తోసేయడానికి ఇదంతా రాయడం లేదు. ఆ యాప్ 93 అంది. 93 అంటే ఏడు మిగిలింది. నేను అన్నయ్యకి చెప్పినప్పుడు ఆ ఏడు కూడా లేదు. ‘చెక్ చేశా’ అన్నా. 93ని నూరు చేసింది నేను. ఎందుకంటే నేను సీఎస్ఈ, ఎదుటివాడు అడిగాడు, తెలీదంటే నామోషీ. మనకి చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటే ఇది. ఎంసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియకపోయినా ఏదో ఒక ఆప్షన్ పెట్టమని నేర్పారు. ఒక్కటీ ఖాళీగా వదలొద్దన్నారు. వైవాలో నోరు మూసుకుని నిలబడొద్దు, ఏదో ఒకటి చెప్పమన్నారు. నాలుగు ఆప్షన్లలో ‘తెలీదు’ అనేది ఎప్పుడూ లేదు. అలా పెరిగినవాళ్లం తయారుచేసే మోడల్ కూడా బియ్యం మొత్తం గిన్నెల్లో పోసేయడంలో వింతేముంది?

ఇక మీ ఇంట్లో కూడా మొలిస్తే ఏం చేయాలి అని అడుగుతారేమో. మొదటిది, తినొద్దు. రెండోది, కంగారు పడొద్దు. మనకి కనిపించే గొడుగు కాయలాంటిది మాత్రమే. అసలు ప్రాణి నేల కింద దారాల వలలాగా ఎప్పట్నుంచో ఉంది. చచ్చిన గడ్డినీ, ఎరువునీ, పాత వేళ్లనీ తిని మట్టికి తిరిగి ఇస్తోంది. మధ్యలో మొదలై అన్నివైపులా సమానంగా పాకుతుంది కాబట్టే గొడుగులు గుండ్రంగా వస్తాయి. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చింది ఏదీ లేదు. పేపర్లవాళ్ల పోలిక అక్కడే తప్పు. నర్సరీ అతను ఏదో మందుపొడి ఇస్తానన్నాడు, అమ్మ కొనబోయింది. పైన మందు చల్లితే కింద వల పోదు. పాకే పిల్లలో, కుక్కపిల్లో ఉంటే గొడుగులు కనిపించగానే పీకి చెత్తలో వేసి చేతులు కడుక్కుంటే చాలు. ముట్టుకుంటే ఏమీ కాదు. ఎవరూ లేకపోతే వదిలేయండి, రెండు మూడు రోజుల్లో వాటంతటవే వాడిపోతాయి.

మేం వదిలేశాం. మొన్న వర్షాలకి మళ్లీ వచ్చాయట, అమ్మ వీడియో కాల్‌లో చూపించింది. వలయం ఇంకో అడుగు పెరిగింది. వెనకాల మెట్ల మీద నిలబడి పై పోర్షన్ అన్నయ్య, ‘తమ్ముడూ, ఈసారి ఏమంటావ్?’ అని అరిచాడు.

‘నాకు తెలీదు అన్నయ్యా’ అన్నా.

ఫోన్ దగ్గర కూర్చున్న అమ్మమ్మ, ‘మరి అప్పుడేమైందిరా ఈ మాట?’ అంది.